ఐసీడీ కారణం లేకుండా షాక్ కొడితే ఏం చేయాలి? బెంగళూరులో ఉండే తెలుగువారికి

ఛాతీలో ఐసీడీ (ప్రమాదకరమైన గుండె లయను గమనించి షాక్‌తో సరిచేసే చిన్న మిషన్) ఉన్న మనిషికి షాక్ తగలగానే ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి. "మిషన్ ప్రాణం కాపాడింది" అని ఒకరంటే, "మిషన్ పాడైపోయింది" అని మరొకరంటారు. ఏది నిజమో షాక్ తిన్నవారు చెప్పలేరు. నాడి పట్టుకుని చూసిన డాక్టరూ చెప్పలేరు. ఆ క్షణంలో గుండె ఎలా కొట్టుకుందో మిషన్ తనలో రికార్డు చేసి పెట్టుకుంటుంది, దాన్ని బయటికి తీసి చూసినవారే చెప్పగలరు. అందుకే కింద చెప్పే పనులన్నిటికీ గురి ఒక్కటే: షాక్ ఎందుకు వచ్చిందో తేలేవరకు ఊరుకోకూడదు.

ఐసీడీని మొదటిసారి మనిషికి అమర్చింది 1980లో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో. మిషెల్ మిరోవ్‌స్కీ అనే డాక్టరు పట్టుదల దాని వెనుక ఉంది. అప్పటినుంచి మిషన్ చిన్నదైంది, తెలివి మీరింది. కానీ దాని మూలసూత్రం మారలేదు: గుండె కొట్టుకునే వేగాన్ని లెక్కపెడుతుంది, గీత దాటితే చికిత్స మొదలుపెడుతుంది. ముందు వేగమైన చిన్న స్పందనలతో లయను దారికి తేవాలని చూస్తుంది, కుదరకపోతే సాధారణంగా 40 జౌల్స్ దాకా షాక్ ఇస్తుంది. లెక్క తప్పినప్పుడు, లేదా లెక్క సరైనదే అయినా ఆ వేగం ప్రాణాంతకమైనది కానప్పుడు వచ్చేదే అనవసరపు షాక్. మాడిట్-2 అనే పెద్ద అధ్యయనంలో ఐసీడీ పెట్టిన 719 మందిలో 83 మందికి అలాంటి షాక్ వచ్చింది. అందరికీ కలిపి వచ్చిన 590 షాకుల్లో 184 అనవసరమైనవే. అవి పాత సెట్టింగుల రోజులు, ఇప్పుడు ఆ సంఖ్య బాగా తగ్గింది. తగ్గిందంటే లేదని కాదు.

షాక్ తగిలిన వెంటనే

చేస్తున్న పని ఆపి కూర్చోండి, లేదా పడుకోండి. చేతిలో ఏదైనా కరెంటు వస్తువు ఉన్నా, కుళాయి కింద చేతులున్నా ముందు దాన్ని వదిలి దూరం జరగండి. ఎక్కడినుంచో లీకవుతున్న కరెంటును మిషన్ గుండె స్పందన అనుకుని ఉంటే, మీరు అక్కడే ఉన్నంతసేపూ రెండోది, మూడోది వచ్చే అవకాశం ఉంది. నడుస్తూనో, మెట్లెక్కుతూనో ఉంటే ఆగిపోవడం ఇంకా ముఖ్యం. నాడి నెమ్మదిస్తే మిషన్ కూడా నెమ్మదిస్తుంది.

ఒక్క షాక్ వచ్చి, ఆ తర్వాత మామూలుగా ఉంటే పరుగు అక్కరలేదు. అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి డివైస్ చెక్‌కు, అంటే మిషన్ రికార్డు తీసి చూసే పరీక్షకు, సమయం అడగండి. ఇరవై నాలుగు గంటల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ షాకులు వచ్చినా, ఒక్కటే వచ్చి కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటివి ఉన్నా 108కి ఫోన్ చేయండి. బండి మీరు నడపకండి, స్కూటరు వెనుక కూడా ఎక్కకండి. "ఇది ఉత్త షాకే, నాకు తెలుసు" అనే ధైర్యం ఈ దశలో పనికిరాదు. నిజంగా అవసరమై వచ్చిన షాకుకు ముందు కూడా కొందరికి ఏ సూచనా ఉండదు.

పక్కనున్నవారికి రెండు మాటలు. ఐసీడీ షాక్ ఇస్తున్నప్పుడు మనిషిని పట్టుకున్నా మీకు చురుక్కుమంటుందేమో కానీ ప్రమాదం లేదు, కాబట్టి ముట్టుకోవడానికి భయపడకండి. అయితే ఆయన తడి బాత్రూంలో గీజరు కింద పడి ఉంటే అది వేరే లెక్క. ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి. స్పృహ లేక, శ్వాస లేకపోతే మామూలుగానే సీపీఆర్ చేయాలి, ఐసీడీ ఉంది కదా అని ఆగకూడదు. ఒంటి బయటినుంచి గుండెకు షాక్ ఇచ్చే పరికరం, డిఫిబ్రిలేటర్, అందుబాటులో ఉంటే దాని ప్యాడ్‌ను ఛాతీ మీద ఉబ్బెత్తుగా కనిపించే మిషన్ మీద అతికించకుండా కాస్త పక్కగా పెట్టాలి.

ఏ ఆసుపత్రికి?

ఒక్క షాక్ వచ్చి నిలకడగా ఉన్నవారు మిషన్ అమర్చిన ఆసుపత్రికే వెళ్లడం మేలు. ప్రతి కంపెనీ ఐసీడీని చదవడానికి ఆ కంపెనీ ప్రోగ్రామరే (మిషన్ రికార్డు చదివి సెట్టింగులు మార్చే పరికరం) కావాలి. ఒకదాని ప్రోగ్రామర్ మరొకదానికి పనిచేయదు. ఏదో ఒక నర్సింగ్ హోంకు వెళ్తే ఈసీజీ తీసి, రక్తపరీక్ష చేసి, రాత్రంతా పడుకోబెట్టి, పొద్దున్నే కంపెనీ మనిషి వచ్చేదాకా కూర్చోబెడతారు. ఊరికి దక్షిణాన బన్నేరుఘట్ట రోడ్డు మీది జయదేవ, హోసూరు రోడ్డు వైపు బొమ్మసంద్రలోని నారాయణ, తూర్పున వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి వంటి పెద్ద హృద్రోగ కేంద్రాలు ఈ ఊళ్లో ఉన్నాయి.

షాకులు వరుసగా వస్తుంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. మారతహళ్లిలో ఉంటూ, మిషన్ జయనగర్‌లో పెట్టారని సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు దాటాలని చూడకండి. గుండె డాక్టరు ఉన్న అత్యవసర విభాగం ఏది దగ్గరైతే అక్కడికే వెళ్లండి. అక్కడ ప్రోగ్రామర్ లేకపోయినా, గారె ఆకారంలో ఉండే ఒక అయస్కాంతం ఉంటే చాలు. మానిటరు మీద గుండె లయ బాగానే ఉంది, అయినా మిషన్ కొడుతోంది అని తేలితే దాన్ని మిషన్ మీద పెట్టి టేపు వేస్తారు. చాలా మిషన్లలో అది ఉన్నంతసేపూ షాక్ ఇచ్చే పని ఆగుతుంది, పేస్‌మేకర్ పని సాగుతుంది, తీయగానే మళ్లీ మామూలు. ఇది తెలిసి కొందరు ఇంట్లో స్పీకరు అయస్కాంతం పెట్టుకుందామా అని అడుగుతారు. వద్దు. మానిటరు లేకుండా, పక్కన డిఫిబ్రిలేటర్ లేకుండా ఐసీడీని ఆపితే, ఆ షాక్ నిజంగా అవసరమైనదైనప్పుడు కాపాడేది ఇంకేదీ ఉండదు. మీ డాక్టరు స్వయంగా అయస్కాంతం ఇచ్చి, ఎప్పుడు వాడాలో నేర్పి ఉంటే తప్ప దాని జోలికి పోకండి.

వెళ్లేలోపు రాసుకోవలసినవి

గడియారం చూసి సమయం రాయండి. నిమిషం తేడా లేకుండా ఉంటే మంచిది, ఎందుకంటే మిషన్ రికార్డులోనూ సమయం ఉంటుంది, రెండూ పోల్చి చూస్తారు. ఏం చేస్తున్నారు, చెయ్యి ఏ భంగిమలో ఉంది, చేతిలో ఏముంది, కాళ్లు తడిగా ఉన్నాయా, ముందు గుండె దడ అనిపించిందా, ఆ రోజు మాత్రలు వేసుకున్నారా? ఈ ఐదారు ముక్కలే సగం రోగనిర్ణయం. "బట్టలు ఆరేస్తూ చెయ్యి పైకెత్తగానే" అన్న మాట డాక్టరు చూపును లీడ్ (మిషన్ నుంచి గుండెకు వెళ్లే తీగ) వైపు తిప్పుతుంది. "వాషింగ్ మెషీన్ మూత పట్టుకోగానే" అంటే ఆయన ఎలక్ట్రీషియన్ను పిలవమంటారు.

డివైస్ చెక్‌లో అడగవలసినవి

"అంతా బాగుంది, వెళ్లిరండి" అన్న మాటతో లేచి రాకండి. మర్యాదగానే, కానీ వదలకుండా అడగండి. షాక్ సమయంలో గుండె లయ ఏమిటి? అది అవసరమైన షాకా, కాదా? కాకపోతే మిషన్ దేన్ని చూసి పొరబడింది? లీడ్ కొలతలు పోయినసారికీ ఇప్పటికీ మారాయా? చెయ్యి కదిలించి, మిషన్ ఉన్నచోట నొక్కి చూసినప్పుడు రికార్డులో రొద (గుండెది కాని కరెంటు సంకేతం) వస్తోందా? ఏ సెట్టింగు మార్చారు? చివరగా, ఆ రికార్డు ప్రింటు ఒకటి అడిగి తెచ్చుకోండి. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ కాగితం మీతోనే ఉంటుంది.

వచ్చే జవాబులు ఎక్కువగా మూడు రకాలు.

మొదటిది, అన్నిటికంటే తరచుగా వినిపించేది: గుండె పైగదుల్లో మొదలైన వేగం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఇందులో ముందుంటుంది. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంది కానీ షాక్ ఇవ్వవలసిన రకం కాదు. పరుగు వల్లనో, జ్వరం వల్లనో పెరిగిన మామూలు వేగం కూడా ఒక్కోసారి గీత దాటుతుంది. దీనికి మందు, సెట్టింగు రెండూ చూడాలి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మోతాదు సరిపోతోందా, పైగదుల లయకు అబ్లేషన్ (తప్పు లయ పుట్టేచోటును కాల్చే చికిత్స) చేయవచ్చా అన్న చర్చ ఇక్కడే వస్తుంది. గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ అనే మందు వాడేవారు థైరాయిడ్ పరీక్ష చేయించారో లేదో చూసుకోండి. ఆ మందు కొందరిలో థైరాయిడ్‌ను పెంచుతుంది, పెరిగిన థైరాయిడ్ గుండెను పరుగెత్తిస్తుంది.

సెట్టింగుల విషయంలో ఒక అధ్యయనాన్ని గుర్తుంచుకోవాలి. 2012లో వెలువడిన మాడిట్-రిట్‌లో, అంతకుముందు ప్రాణాంతక లయ ఎప్పుడూ రాని 1,500 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలు సెట్టింగు, కొందరికి నిమిషానికి 200 దాటితేనే మేల్కొనే సెట్టింగు, మరికొందరికి ఎక్కువసేపు ఆగి చూసే సెట్టింగు పెట్టారు. గీతను 200కు జరిపినవారిలో అనవసర చికిత్స దాదాపు 79 శాతం తగ్గింది, మరణాలు కూడా సగానికి పైగా తగ్గాయి. తొందరపడని మిషనే మేలని తేలిందన్నమాట. 2015లో అంతర్జాతీయ గుండె లయ నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన సూచనలూ ఇదే దారిలో ఉన్నాయి. కాబట్టి "నా మిషన్ ఏ వేగం దగ్గర మేల్కొంటుంది, ఎంతసేపు ఆగుతుంది?" అని అడగడం మీ హక్కు. ఇంతకుముందే ప్రమాదకరమైన లయ వచ్చినవారికి ఆ అంకె వేరుగా ఉండవచ్చు, అందుకని పక్కింటివారి అంకెతో పోల్చుకోకండి.

రెండోది, మిషన్ తప్పుగా వినడం. గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఈసీజీలో పెద్ద గీత వెనుక టి వేవ్ అనే చిన్న గీత వస్తుంది. దాన్ని కూడా లెక్కలో వేసుకుంటే 90 కాస్తా 180 అయిపోతుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం పెరిగినవారిలో ఇది కనిపిస్తుంది. తీగ కూడా గుండెలోకి పోకుండా చర్మం కిందే ఉండే ఎస్-ఐసీడీల్లో కండరాల కదలికల రొద కూడా కలుస్తుంది. చాలావరకు సెట్టింగులతోనే సరిచేస్తారు.

మూడోది లీడ్, అంటే మిషన్ నుంచి గుండెకు వెళ్లే తీగ. అది చిట్లినా, పై పొర అరిగినా పుట్టే రొదను మిషన్ మూడు వందల వేగం అనుకుంటుంది. షాకులు ఒకదాని వెనుక ఒకటి గుంపుగా వచ్చేది ఎక్కువగా ఇందులోనే. మెడ్‌ట్రానిక్ తయారుచేసిన స్ప్రింట్ ఫిడెలిస్ లీడ్లు ఇలా విరుగుతున్నాయనే 2007 అక్టోబరులో వాటి పంపిణీని ఆపేశారు. సెయింట్ జూడ్ కంపెనీ రియాటా లీడ్లలో లోపలి తీగలు పై పొరను చీల్చుకుని బయటికి రావడం 2011 నాటికి పెద్ద గొడవైంది. మీ కార్డు మీద మిషన్ పేరుతో పాటు లీడ్ మోడల్ కూడా ఉందో లేదో చూడండి. చాలామందికి మిషన్ పేరు తెలుస్తుంది, లీడ్ పేరు తెలియదు. రీకాల్ వచ్చినప్పుడు కావలసింది రెండోదే. చర్మం కింద మిషన్‌ను వేళ్లతో తిప్పే అలవాటు ఉంటే మానుకోండి, తీగ చుట్టుకుపోయి గుండెలోంచి ఊడివస్తుంది. అన్నట్టు, కొన్ని మిషన్లు లీడ్‌లో తేడా రాగానే లోపలినుంచి బీప్ శబ్దం చేస్తాయి, మరికొన్ని వణుకుతాయి. రోజూ ఒకే వేళకు ఎక్కడో ఫోన్ మోగినట్టు వినిపిస్తుంటే ఫోన్ వెతకడం ఆపి డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో కరెంటు చూపించడం

మన దేశపు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవలసింది, అందరూ వదిలేసేది ఇదే. గోడలోని కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. ఎర్తింగ్ సరిగా లేని గీజరు, వాషింగ్ మెషీన్, నీళ్ల మోటారు నుంచి కొద్దిపాటి కరెంటు లీకై ఒంట్లోకి పారితే, మీకు చిమచిమ కూడా తెలియకపోవచ్చు, మిషన్‌కు మాత్రం అది గుండె గంతులేస్తున్నట్టు కనిపిస్తుంది. షాక్ కొట్టేది మిషనే, తప్పు మాత్రం గోడది.

అద్దె ఇల్లయితే ఇంటి యజమానిని అడగడానికి మొహమాటపడకండి. పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకునే ఊళ్లో ఒక ఎర్తింగ్ పరీక్ష అడగడం పెద్ద కోరికేమీ కాదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ను పిలిపించి ఇవి చూపించండి: గీజరు, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, మోటారు ఉన్న ప్రతి ప్లగ్గులో ఎర్త్ తీగ నిజంగా కలిపి ఉందా, లేక మూడో రంధ్రం ఉత్త అలంకారమా? న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి సున్నాకు దగ్గరగా ఉందా? భవనం కింద ఎర్త్ పిట్ (ఎర్త్ తీగను నేలలో కలిపే గుంత) ఎక్కడుంది, దానిలో చివరగా నీళ్లు పోసిందెప్పుడు? బెంగళూరు ఎండాకాలంలో ఎండిపోయిన ఎర్త్ పిట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) తప్పక పెట్టించండి, కానీ అది ఉందని నిశ్చింతగా ఉండకండి. అది మనిషి చనిపోకుండా కాపాడటానికి పెట్టిన హద్దు. ఐసీడీని తికమకపెట్టడానికి అంతకంటే చాలా తక్కువ లీకేజీ చాలు. ఎర్తింగే అసలు మందు.

బకెట్‌లో వేసే వాటర్ హీటర్ రాడ్ మాత్రం ఇంట్లోంచి తీసేయండి. పీజీ హాస్టళ్లలో ఉండే కుర్రవాళ్లకు కూడా ఇదే మాట, ఐసీడీ పెద్దవాళ్లకే పెడతారని లేదు. గీజరును ముందే వేడిచేసి, స్విచ్ ఆపి, ఆ తర్వాత స్నానం చేయండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరులో దూర్చకండి. ఇండక్షన్ స్టవ్ నుంచి మిషన్‌ను రెండడుగుల దూరంలో ఉంచండి, అంటే దాని మీదికి వంగి కలపకూడదు. మిక్సీ, టీవీ, మైక్రోవేవ్ బాగున్నవైతే భయం లేదు.

బయటికి వెళ్లినప్పుడు

మెట్రో స్టేషన్లో, మాల్‌లో, విమానాశ్రయంలో డిటెక్టరు ద్వారం గుండా మామూలు నడకతో దాటేయండి, దాని మధ్యలో నిలబడకండి, ఆనుకోకండి. చేతిలో పట్టుకుని తిప్పే డిటెక్టరును ఛాతీ దగ్గర ఆపి ఉంచవద్దని చెప్పి, కార్డు చూపించి, చేతులతో తనిఖీ చేయమనండి. కన్నడంలో ఈ ముక్క చాలు: "నన్న ఎదెయల్లి హార్ట్ మెషీన్ ఇదె, డిటెక్టర్ హిడీబేడి."

ఫోన్ చొక్కా ఎడమ జేబులో పెట్టే అలవాటు మానండి, ఆరు అంగుళాల దూరం చాలు. అయస్కాంతం ఉన్న ఐఫోన్ 12ను మిషన్ మీద పెట్టినప్పుడు ఐసీడీ షాక్ ఇచ్చే పని ఆగిపోయిందని 2021లో అమెరికా డాక్టర్లు చూపించారు. అంటే ఇక్కడ ప్రమాదం అనవసరపు షాక్ కాదు, అవసరమైనది రాకపోవడం.

మెడ నొప్పికీ నడుం నొప్పికీ ఫిజియోథెరపీ సెంటరుకు వెళ్తే టెన్స్, ఐఎఫ్‌టీ లాంటి కరెంటు చికిత్సలు వద్దని మొదటిరోజే చెప్పండి. జిమ్‌లో ఒంటి కొవ్వు చూపించే తూకం మిషన్ ఎక్కకండి. ఏ ఆపరేషన్‌కైనా ముందు, పంటి ఆపరేషన్‌తో సహా, ఐసీడీ ఉందని చెప్పాలి. కరెంటుతో కోసే పరికరం వాడితే ముందుగా షాక్ పనిని ఆపి, అయ్యాక మళ్లీ ఆన్ చేశారో లేదో అడిగి తెలుసుకోవాలి. ఎంఆర్ఐకి కూడా ఇంతే.

మాత్రలు, నడక, తిరుమల కొండ

బీటా బ్లాకర్ ఒక్కరోజు మానినా కొందరిలో వేగం పెరుగుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు వారం మాత్రలు అదనంగా పెట్టుకోండి. జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో గుండె వేగం పెంచేవి ఉంటాయి, డాక్టరును అడగకుండా వేసుకోకండి.

నడవాలి, వ్యాయామం చేయాలి, భయంతో కుర్చీకి అతుక్కుపోకూడదు. మీ మిషన్ మేల్కొనే అంకె తెలుసుకుని, దానికి కనీసం పది ఇరవై తక్కువలో నాడి ఉండేలా చూసుకోండి. కబ్బన్ పార్కులో నడక దాదాపు ఎవరికీ ఆ గీత దాకా పోదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు అలా కాదు. మొక్కు ఉంటే ముందు డాక్టరుతో ట్రెడ్‌మిల్ మీద ఎంతదాకా పోతున్నారో చూపించుకోండి, ఆయన వద్దంటే బస్సులో వెళ్లండి. స్వామి ఏమీ అనుకోడు.

రాని షాక్

కొందరు నిద్రలోంచి అదిరిపడి లేచి షాక్ కొట్టిందంటారు. మిషన్‌లో చూస్తే ఏమీ ఉండదు. ఇది నటన కాదు, ముందు షాక్ తిన్నవారి మెదడు చేసే పని. అలా అనిపించినప్పుడూ చెక్ చేయించుకోండి. రికార్డు ఖాళీగా ఉంటే, భయం గురించే వేరుగా మానసిక వైద్యుణ్ని కలవండి. మంచం పక్కన పెట్టే రిమోట్ మానిటరు గానీ ఫోన్ యాప్ గానీ మీ మిషన్‌కు ఉందేమో అడిగితే, ఇలాంటి అర్ధరాత్రి అనుమానాలకు చాలావరకు ఇంటినుంచే జవాబు దొరుకుతుంది.

పర్సులో పెట్టుకునే కాగితం

మిషన్ కంపెనీ, మోడల్, లీడ్ మోడల్, పెట్టిన తేదీ, ఆసుపత్రి, మేల్కొనే వేగం, వాడే మందులు, ఇంట్లోవారి ఫోన్ నంబరు. అడుగున కన్నడంలో ఒక వాక్యం, 108 వారికి చెప్పడానికి: "ఎదెయల్లి ఐసీడీ ఇదె, షాక్ హొడీతా ఇదె, బేగ బన్ని." ఇంట్లో కన్నడం రానివారు ఉంటే దీన్ని ఒకసారి బయటికి చదివించండి. ఒక ప్రతి పర్సులో, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద ఉంచండి. ఫ్రిజ్ మీద టేపుతో అంటించండి, అయస్కాంతం బిళ్లతో అతికిస్తే తీసి జేబులో వేసుకునే పిల్లలో తాతలో ఇంట్లో ఉంటారు.